నా వేలి నెత్తురు

మా తోటికోడలి పాపకు రాగిజావ కాస్తుంటే అత్త వచ్చి గిన్నె లాక్కుంది. "ఒలే చిన్నమ్మలూ, నువ్వు కాయకు. నీ రగతం మంచిది కాదు." నా బిడ్డ పురిట్లోనే పోయిన నాటి నుంచీ అంటున్న మాట అది. ఈ క్వార్టరు నా ఉద్యోగం మీద వచ్చింది. పొయ్యి మాత్రం అత్తది.

సుపేలా స్టాపులో బస్సెక్కినా ఆ మాట వెంటే వచ్చింది. ఉక్కు ప్లాంటులో కొత్త కొలిమి కడుతుండగా మా ఆయన పోయాక ప్లాంటు ఆసుపత్రిలో గాజు సామాను కడిగే పని ఇచ్చారు. అక్షరాలు ఆ తర్వాత నేర్చుకున్నాను, మెట్రిక్ గట్టెక్కాను, ల్యాబ్‌లో పని నేర్చుకున్నాను. ఇప్పుడు సికిల్ అనే నెత్తుటి జబ్బు పరీక్షలు నావి. గాజు పలక మీద నెత్తుటి చుక్కకు మందునీళ్లు కలిపి, పైన పల్చటి గాజుతో మూసి, చుట్టూ వేజలిన్ రాస్తాం. గాలి అందక, ఆ గుణమున్న కణాలు కొడవళ్లలా వంగిపోతాయి. పోల్చుకోవడానికి పక్కన ఒక మంచి నెత్తురు ఉండాలి. మొదటిసారి ఎవరూ ముందుకు రాకపోతే నా వేలే గుచ్చుకున్నాను. అత్త మాట నిజమవుతుందేమోనని మైక్రోస్కోపులో కన్ను పెట్టడానికి భయపడ్డాను. కణాలన్నీ గుండ్రంగా ఉన్నాయి. మర్నాడూ అంతే. అప్పట్నుంచి అక్కడ మంచి నెత్తురంటే నాదే. ఇంట్లో చెప్పలేదు. ఎవరికి చెప్పను, గిన్నె లాక్కునేవాళ్లకా?

ఆ రోజు కడిగిన గాజులే మళ్లీ కడిగాను. ముందురోజు నా తోటికోడలు అహల్య పాపను ఆసుపత్రికి తెచ్చింది. చిన్న చిన్న వేళ్లు బూరెల్లా వాచి ఉన్నాయి. పాప నెత్తుటి నిండా కొడవళ్లే. అహల్య నెత్తుటిలోనూ కనిపించాయి. "తండ్రిది కూడా తీసుకురండి. ఇంత గట్టి జబ్బు ఇద్దరూ ఇస్తేనే వస్తుంది" అన్నారు డాక్టరుగారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గుమ్మంలో అహల్య ట్రంకు పెట్టె ఉంది. అహల్య పాప వేళ్ల మీద ఊదుతూ గోడవారన కూర్చుంది.

"పుట్టింటికి పంపేస్తన్నాం. ఆళ్ల రగతమే పాడు రగతం" అంది అత్త.

"పరీక్షకు నీ వేలు ఇచ్చావా మరిదీ?" అన్నాను.

పాప తండ్రి శ్యామసుందర్ సైకిల్ తాళం తిప్పుతూ నవ్వాడు. "నాకెందుకు వదినా? మా ఇంట్లో ఇలాంటివి ఏటీ లేవు. దీందే తేలిపోనాది గదా. డ్యూటీ టైమవుతంది, పెట్టె జరుపు."

చేతిసంచిలోంచి సూది, గాజు పలకలు తీశాను. ముందు నా వేలు గుచ్చుకున్నాను. చుక్క ఎర్రగా ఉబికింది.

"అత్తా, ఆసుపత్రిలో మంచి నెత్తురు కావాలంటే నన్నే పిలుస్తారు. దీని పక్కన నీ కొడుకుది పెట్టి చూస్తాను."

శ్యామసుందర్ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

నేను వెళ్లి ట్రంకు పెట్టె మీద కూర్చున్నాను. అతని వేలు ముందుకొచ్చేదాకా ఆ పెట్టె గుమ్మం దాటదు.