ఇరవై ఒక్క పుంజాలు

వేళ్లు కొబ్బరిచిప్పలోని బూడిదలో అద్దుకుని, పాత పోగు కొసకు కొత్త పోగు కొస చేర్చి ఒక్క మెలి తిప్పాడు వెంకటరత్నం. అతుకు పడింది. ఇంకో పోగు అందుకున్నాడు. మగ్గం మీద అయిపోవచ్చిన పడుగుకు కొత్త పడుగు అతకడం, పెడనలో నలభై ఏళ్లుగా అతని పని. సొంత మగ్గం లేదు, పెళ్లీ లేదు. ఏ ఇంట్లో అతుకుతుంటే మధ్యాహ్నం ఆ ఇంట్లోనే భోజనం.

చూపు మందగించి రెండేళ్లయింది. పోగును వేళ్లే చూసేవి. బొటనవేలి చర్మం గీతలన్నీ అరిగి నున్నబడింది. వేలిముద్ర ఏ మిషను మీదా పడేది కాదు.

ఎప్పుడూ పడుగును పది కట్టలుగా విడదీసి అతికేవాడు. ఈసారి చీరకు పదకొండు చారలు కావాలని మగ్గం యజమాని గోపీనాథ్ పదకొండు సమానమైన కట్టలు చేయించాడు. మూడు గంటలకు చివరి కట్ట అయింది. ఏ కట్టలోనూ చేరకుండా ఒక పోగు మిగిలింది.

"ఇదేంటి బాబాయ్?" గోపీనాథ్ వంగి చూశాడు. "ఎక్కడో లెక్క తప్పావు. చారలన్నీ పక్కకి పోతాయి. మొత్తం తెంపి మళ్లీ అతకాల్సిందే."

అతని భార్య నాగజ్యోతి రాట్నం ఆపింది. "ఈయనకి కళ్లు ఆనట్లేదని మొన్నే చెప్పాను. ఇకనుంచి అతుకులకి ఆ కుర్రాడు రాముని పిలవండి."

వెంకటరత్నం చేయి చిప్పలోనే ఆగిపోయింది. ఈ ఇంట్లో రాముని పిలిస్తే వీధంతా రామునే పిలుస్తుంది.

"ఎన్ని పుంజాల పడుగురా ఇది?"

"ఇరవై ఒకటి."

"పుంజానికి నూటిరవై. మొత్తం రెండువేల అయిదొందల ఇరవై పోగులు. రెండు కట్టలు చెయ్, ఏడు చెయ్, తొమ్మిది చెయ్. పది దాకా ఎన్ని చేసినా ఒక్క పోగు మిగల్దు. అన్నిటికీ అట్టా సరిపోయే అంకె ఇంతకన్నా చిన్నది లేదనేవాడు మా నాన్న. పదకొండుకి మాత్రం లొంగదు. ఒకటి మిగులుద్ది."

గోపీనాథ్ ఫోన్లో భాగించాడు. కట్టకు రెండువందల ఇరవై తొమ్మిది. పదకొండు కట్టలకు రెండువేల అయిదువందల పంతొమ్మిది. మళ్లీ చేశాడు. అంతే వచ్చింది.

"ఎంతదాకా చదివావు బాబాయ్?"

"మూడు. పంతులు కొడితే మానేశా."

నాగజ్యోతి నవ్వు ఆపుకోలేకపోయింది. "నా మాట మనసులో పెట్టుకోకండి మావయ్యగారూ. టీ పెడతాను."

"మా తమ్ముడి మగ్గానికీ నువ్వే రావాలి," అన్నాడు గోపీనాథ్. "మరి ఈ మిగిలిన పోగునేం చేద్దాం? తెంపెయ్యనా?"

"తెంపకురా. అంచులో కలుపుదాం. టీ తాగొచ్చి నేనే అతుకుతా."

అరుగు మీద గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. నాగజ్యోతి గ్లాసు పక్కన పెట్టి వెళ్లింది. తిరిగొచ్చేసరికి టీ మీద మీగడ కట్టి ఉంది. "మావయ్యగారూ," అని భుజం తట్టింది. తల పక్కకు వాలిపోయింది. బూడిద అంటిన బొటనవేలు, చూపుడువేలు ఒకదానికొకటి ఆనుకునే ఉన్నాయి.

వెంకటరత్నం పోయిన నాలుగోనాడు గోపీనాథ్ మగ్గం గుంటలో దిగి నేత మొదలుపెట్టాడు. చారలు పదకొండూ తేడా లేకుండా పడ్డాయి. అంచు పక్కన, అతకని ఆ ఒక్క పోగు, కింద కొబ్బరిచిప్పలోని బూడిద దాకా వేలాడుతూ ఉంది.