ఆయన కలిపిన టీ

“రోజూ శవాల్ని తిప్పే చేతులేగా, మా అమ్మని తిప్పడానికి అంత ఆయాసం దేనికోయ్?” అన్నారు మా ఆయన, అద్దం ముందు గడ్డం గీసుకుంటూ. ఆయన దృష్టిలో అది జోకు. పెళ్లయిన కొత్తలో నా ఉద్యోగమేంటో నలుగురిలో చెప్పడానికి నామోషీ పడిన మనిషి, అత్తయ్య మంచాన పడ్డాక మాత్రం ఆ ఉద్యోగం ఇంటికి ఎంతగా పనికొస్తుందో ఇట్టే కనిపెట్టేశారు. నాకు వాసనలు అలవాటట. ఏం చూసినా కడుపులో తిప్పదట. బరువు ఎలా ఎత్తాలో తెలుసట. “నీకున్న ఓపిక నాకెక్కడిది?” అని మధ్యమధ్యలో ఒక పొగడ్త. ఓపికేదో పుట్టుమచ్చలాగా నాతోపాటు పుట్టిందనీ, తనకి పుట్టలేదు కాబట్టి తప్పు తనది కాదనీ ఆయన నమ్మకం.

అత్తయ్యకి పక్షవాతంతో ఎడమపక్క మొత్తం పడిపోయింది. మాట కూడా పోయింది. నేను ఒక చెయ్యి భుజం కిందా, ఒక చెయ్యి తుంటి కిందా పెట్టి నా వైపుకి లాక్కుంటాను. కింద చెవి మడతపడకుండా సరిచేస్తాను. మోకాళ్ల మధ్య పల్చటి దిండు, మడమ పరుపుకి ఒరుసుకోకుండా తువ్వాలు చుట్ట పెడతాను. ఆ తర్వాత దుప్పటి ముడతలు లాగుతాను, పుండు పడటానికి ఒక్క ముడత చాలు. ఇదే అత్తయ్య, కాలూ చెయ్యీ ఆడిన రోజుల్లో, “ఆ చేతులతో నా గిన్నెలు ముట్టుకోకు” అనేవారు. ఇప్పుడు ఆ చేతులే ఆవిడ నోటికి చెంచా అందిస్తున్నాయి. ఆ పాత సంగతి ఇద్దరిలో ఎవరం ఎత్తం. ఆవిడ ఎత్తలేరు, నాకు ఎత్తబుద్ధి కాదు. ఆరోజు, పగటిపూట ఆవిడని చూసుకునే ఆయా వచ్చి నా చేతిలో గిన్నె అందుకుంటుండగానే ఇన్‌స్పెక్టర్ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. మంచానపడ్డ ముసలావిడ ఒకరు పొద్దున్నకల్లా చనిపోయి ఉన్నారు, కూతురు ఫిర్యాదు చేసింది, రమ్మని.

హత్య జరిగిన చోట ఆధారాలు ఏరడం నా పని. చావు జరిగిన ఇళ్లు నాకు కొత్తకాదు, కానీ ఆ ఇంట్లో అడుగుపెట్టగానే మా ఇంటి వాసనే వచ్చింది. డెట్టాలు, పౌడరు, ఎంత ఉతికినా పోని ఇంకొక వాసన. హాల్లో కూతురు గుండెలు బాదుకుంటోంది. “మా వదినే చంపేసింది. అమ్మంటే దానికి మొదట్నుంచీ పడదు. పీడ వదిలించుకుంది!” కొడుకు ఒక మూల కుర్చీలో తల పట్టుకుని కూర్చున్నాడు. చాలా నెమ్మదస్తుడనీ, చీమకి కూడా హాని తలపెట్టడనీ పక్కింటివాళ్లు అడక్కుండానే చెప్తున్నారు. కోడలి గురించి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆమె వంటింట్లో ఉంది. పోలీసులకి టీ పెడుతోంది. నేను వద్దని వారించేలోపలే కప్పులు వచ్చేశాయి. ఆమె ఇచ్చిన టీ ఊదుకుని తాగుతూనే ఇన్‌స్పెక్టర్ నా చెవి దగ్గర, “కోడలే మేడమ్, అందులో డౌట్ లేదు” అన్నాడు.

పెద్దావిడ మంచం మీద ఎడమ పక్కకి తిరిగి పడుకుని ఉంది. కనురెప్పలు పైకెత్తి చూశాను, లోపల ఎర్రటి చిన్న చుక్కలు. పై పెదవి లోపలి వైపు పంటి గాటు, పంటి సందులో దూది పోగు. దిండుతో ఊపిరి ఆపేశారు. అది ఎవరు చూసినా చెప్పగలరు. నన్ను ఆపింది ఆవిడ వీపు. మనిషి పోయాక రక్తం కదలడం మానేసి, ఏ వైపు కింద ఉంటే ఆ వైపుకి దిగి అక్కడ ఊదారంగు మచ్చగా నిలిచిపోతుంది. కొన్ని గంటలయ్యాక ఆ మనిషిని ఇంకో పక్కకి తిప్పితే కొంత మచ్చ పాతచోటే ఉండిపోయి, మిగిలింది కొత్త పక్కకి జారుతుంది. ఈవిడకి వీపునా మచ్చలున్నాయి, ఎడమ పక్కనా ఉన్నాయి. వెల్లకిలా పోయింది. పోయిన కొన్ని గంటలకి ఎవరో పక్కకి తిప్పారని ఇన్‌స్పెక్టర్‌కి చెప్పాను.

“చూశారా!” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “చంపేసి, నిద్రలో పోయినట్టు కనపడాలని పక్కకి తిప్పింది. గట్టి మనిషే.”

వంగి చూస్తున్నాను. ఆవిడ కింద చెవి మడతపడకుండా సరిచేసి ఉంది. మోకాళ్ల మధ్య పల్చటి దిండుంది. మడమ కింద తువ్వాలు చుట్ట. దుప్పటి మీద ఒక్క ముడత లేదు. నా చేతుల పని ఇంకొకరి ఇంట్లో చూడటం అదే మొదటిసారి. చంపినవాళ్లు శవానికి పుండు పడుతుందని భయపడరు. ఈవిడ బతికే ఉందనుకున్న మనిషే ఇలా తిప్పగలదు.

ఆ మాటే అన్నాను. ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. “నటించి ఉండొచ్చుగా మేడమ్? ఆడవాళ్ల సంగతి మీకు తెలీదు” అన్నాడు. నాకు! “సాయంత్రం తల్లికి జావ పట్టించానని కొడుకు చెప్తున్నాడు. అప్పటికి బానే ఉందట. ఆ తర్వాత ఆ గదిలోకి వెళ్లింది కోడలొక్కతే. సాయంత్రానికల్లా అరెస్టు చూపించేస్తాను.” ఎంత తేలికో అతనికి. చాకిరీ చేసే చెయ్యి ఒక్కటే ఉన్న ఇంట్లో, ఏం జరిగినా ఆ చెయ్యే దొరుకుతుంది.

ఆమెతో మాట్లాడతానని అడిగి వంటింట్లోకి వెళ్లాను. నా వయసే ఉంటుంది. బట్టల షాపులో కౌంటర్ దగ్గర నిలబడే ఉద్యోగం. మధ్యాహ్నం వెళ్తే చీకటి పడ్డాక వస్తుంది. నేను అడక్కముందే పెద్దావిడ గురించి మొదలుపెట్టింది. పక్షవాతం వచ్చాక ఆవిడకి ఒకే ఒక్క మాట మిగిలిందట, బుజ్జి అని. బుజ్జి అంటే చిన్నకొడుకు, ఎక్కడో ఉంటాడు, ఏళ్ల తరబడి తొంగి చూడలేదు. “ఎవరు కనపడినా బుజ్జీ అనేది మేడమ్. నన్నూ అలాగే పిలిచేది. ఆఁ వచ్చానమ్మా అని పలికేదాన్ని. పలికితే ఏం పోయింది? పిచ్చితల్లి నవ్వేది.”

“మీవారిని?”

“ఆయన్నీ అంతే. ఆయన పలికేవారు కాదు. ‘పుట్టినప్పట్నుంచీ పెద్దోడా అది చెయ్యి, పెద్దోడా ఇది మొయ్యి. ముద్దు మాత్రం వాడికి’ అనేవారు. ఆ గదిలోకే వెళ్లేవారు కాదు.”

“మరి నిన్న జావ ఎవరు పట్టారు?”

ఆమె మొహం మారింది. అంత ఏడుపులోనూ అక్కడొక వెలుగు వచ్చింది. “ఆయనే మేడమ్. ఇన్నేళ్లలో మొదటిసారి. నేను షాపు నుంచి వచ్చేసరికి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. ‘అమ్మకి పట్టేశాను, నిద్రపోయింది, లేపకు. నువ్వు అలిసిపోయి వచ్చావు, కాసేపు కూర్చో’ అన్నారు. నాకు టీ కూడా కలిపిచ్చారు. పంచదార ఎక్కువైంది కానీ, తాగేశాను. పెళ్లయ్యాక ఆయన చేత్తో ఇచ్చిన టీ అదే. చాలాసేపు అలా కూర్చున్నాను మేడమ్, ఏ పనీ చెయ్యకుండా. హాయిగా అనిపించింది.”

“లేపకు అన్నారుగా? మరెందుకు తిప్పారు?”

“నిద్రలో ఉన్నా తిప్పాలి కదా, లేకపోతే వీపు పగిలిపోతుంది. ఆ సంగతి ఆయనకి తెలీదు. పడుకునే ముందు లైటు వెయ్యకుండా వెళ్లి మెల్లగా తిప్పి వచ్చేశాను. ఒళ్లు బిగుసుకుని ఉంది, చల్లగా ఉంది. కానీ ఆవిడ ఎప్పుడూ అలాగే ఉంటుంది మేడమ్, పడిపోయిన పక్క. బుజ్జీ అని పిలవలేదేంటా అనుకున్నాను. పోన్లే, కొడుకు చేతి జావ తాగి కమ్మగా పడుకుందిలే అనుకున్నాను.”

పడుకునే వేళకే ఒళ్లు బిగుసుకుని చల్లబడిందంటే, ఈమె షాపులో ఉండగానే ఆవిడ పోయి ఉండాలి. ఆమె తన మెడకి తగిలించబోతున్న ఉరిని తనే తీసేసుకుంది, ఆ సంగతి ఆమెకి తెలియదు. దాన్ని తీసి ఎవరి మెడలో వేసిందో అంతకంటే తెలియదు. చెప్పాల్సింది నేను. ఎన్నో ఇళ్లలో ఎన్నో చావు కబుర్లు చెప్పాను గానీ, ఒక కప్పు టీ గురించి చెప్పడానికి ఇంతగా నోరు పెగలకపోవడం ఎప్పుడూ లేదు. ఆరోజుకి చెప్పలేదు. పోస్టుమార్టమ్ అయ్యేదాకా అరెస్టు వద్దని ఇన్‌స్పెక్టర్‌తో పోట్లాడి, పై ఆఫీసరుకి ఫోన్ చేసి, నానా మాటలూ పడి ఆపించాను.

ఇంటికి వెళ్లేసరికి టీవీలో అదే వార్త. కోడలి మీదే అనుమానమట. “ఎలాంటి ఆడదో చూడు! మంచాన పడ్డ ముసలిదాన్ని! ఇలాంటివాళ్లని నడిరోడ్డు మీద ఉరి తియ్యాలి” అన్నారు మా ఆయన, కాళ్లు టీపాయ్ మీద చాపుకుని. నేను అత్తయ్య గదిలోకి వెళ్లి పక్కకి తిప్పాను. ఆరోజెందుకో ఆవిడ ముక్కు దగ్గర కాసేపు చెయ్యి ఉంచాను.

పోస్టుమార్టమ్‌లో పెద్దావిడ కడుపు ఖాళీగా ఉంది. సాయంత్రం జావ అనేదే లేదు. చావు మధ్యాహ్నం జరిగింది. ఆ మధ్యాహ్నమంతా కోడలు షాపు కెమెరాల్లో గిరాకీలకి బట్టలు పరిచి చూపిస్తూ, మడత పెడుతూనే కనిపించింది. కోడలు చెప్పిన మాట వినే మనిషై, భర్త లేపకన్నాడు కదా అని ఊరుకుని ఉంటే, పెద్దావిడ వెల్లకిలానే ఉండిపోయేది, వేళ సంగతి అంత గట్టిగా చెప్పలేకపోయేవాళ్లం. అతను తల్లి పక్కన ఒక్కరోజైనా నిలబడి ఉంటే కోడలు మళ్లీ వచ్చి తిప్పుతుందని తెలిసేది. ఆ గదిలో రోజూ ఏం జరుగుతుందో తెలియకపోవడమే అతన్ని పట్టించింది.

పెద్దగా బెదిరించాల్సిన అవసరం కూడా రాలేదు. “ఒక్కసారి పెద్దోడా అను అమ్మా అన్నాను” అన్నాడు. “బతిమాలాను. నా మొహంలోకి చూసి బుజ్జీ అంది. నవ్వింది కూడా.” మొహం చేతుల్లో పెట్టుకుని పసివాడిలా ఏడ్చాడు. నాకు అతని మీద జాలి కలగలేదని చెప్తే అబద్ధమే. కానీ ఆ ఇంట్లో తనది కాని పేరుకి పలికిన మనిషి ఇంకొకరున్నారు. ఆమె ఎవరి ఊపిరీ తియ్యలేదు.

స్టేషన్ వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. ఆడపడుచు ఆమెని చూసి మొహం తిప్పుకుని వెళ్లిపోయింది, క్షమాపణ అనేది ఆ నోట రాలేదు. నేను పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. అత్తగారు ఎప్పుడు పోయిందో, ఎలా పోయిందో, ఎవరి వల్ల పోయిందో. ఆమె అరవలేదు. వేళ్ల మీద గంటలు లెక్కపెట్టుకుని అడిగింది, “అయితే నేను కూర్చుని టీ తాగుతున్నప్పటికే...”

“ఆఁ.”

“అయితే నాకు ఆ టీ అందుకే ఇచ్చారా మేడమ్?”

ఆమె చెయ్యి పట్టుకున్నాను. సబ్బునీళ్లకి అరిగిపోయిన అరచెయ్యి, అచ్చం నాదే. అప్పుడు ఏడ్చింది. అత్తగారి కోసం కాదు, మొగుడి కోసం కాదు. పెళ్లయిన ఇన్నేళ్లకి ఒక్కరోజు దక్కిందనుకున్న దయ కోసం ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఆ సాయంత్రం మా ఆయన టీవీ ముందే ఉన్నారు. చంపింది కొడుకని వార్తలో చెప్తున్నారు. నేను చెప్పులు విడుస్తుండగా ఆయన నిట్టూర్చారు. “పాపం” అన్నారు. “ఎంత నలిగిపోయాడో. రోజూ ఇంట్లో అలాంటి మనిషిని చూస్తూ బతకడమంటే మాటలా? ఎవడికైనా ఏదో ఒక క్షణంలో అనిపిస్తుంది.”

“మీకెప్పుడైనా అనిపించిందా?” అన్నాను.

“ఛఛ, ఏం ప్రశ్న అది!” అని నవ్వి ఛానల్ మార్చారు. మా ఆయన చెడ్డవాడు కాదు. ఆయన గురించి అడిగితే మా పక్కింటివాళ్లు కూడా చీమకి హాని తలపెట్టడనే చెప్తారు.

అత్తయ్య గది తలుపు బార్లా తెరిచే ఉంది. టీవీ మాటలూ, ఆయన మాటలూ అన్నీ లోపలికి వినపడతాయి. ఆవిడ కళ్లు తెరుచుకుని గుమ్మం వైపే చూస్తున్నారు. భుజం కింద చెయ్యి పెట్టి నా వైపుకి తిప్పుకున్నాను. మామూలుగా అయితే ఆవిడ చూపు గోడ మీదకి పోతుంది. ఆరోజు పోలేదు. మంచిగా ఉన్న కుడిచేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. తువ్వాలు చుట్ట కోసం చెయ్యి లాక్కోబోతే వదల్లేదు. ఆ వేళ్లలో అంత బలం ఉందని నాకు తెలియదు. ఎప్పుడో నా చేతులు గిన్నెలకి తగలొద్దన్న మనిషి, ఆ చేతినే పట్టుకుని వదలకుండా ఉండిపోయారు. నేను మంచం అంచున అలాగే కూర్చున్నాను.

మర్నాడు సెలవు పెట్టాను. నా పరుపు తెచ్చి ఆవిడ మంచం పక్కన వేసుకున్నాను. వడ్రంగిని పిలిపించి ఆ గది తలుపుకి లోపలివైపు గడియ పెట్టించాను. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, కొత్త గడియని ఇటూ అటూ జరిపి చూసి, “ఈ గదికి లోపల గడియేంటి? ఎవరు పెట్టమన్నారు?” అన్నారు.

“అత్తయ్య చెప్పారు” అన్నాను.