రెండో వరసలో కూర్చున్న మనిషి

మా జోఫే కొండ మీద ఇల్లున్నవాళ్ళకి రెండే భయాలు. ఒకటి నీళ్ళ లారీ రాకపోవడం. రెండోది వాలులో బండి ఆగకపోవడం. నీళ్ళైతే పక్కింట్లో అడిగి రెండు బకెట్లు తెచ్చుకోవచ్చు. మా తమ్ముడు ఆతిఫ్ పోయింది రెండోదానివల్ల.

వాడు వాలు దిగువన, మలుపు దగ్గర, తోపుడు బండి మీద నువ్వుల రొట్టెలు అమ్మేవాడు. వాటితో ఉడకబెట్టిన గుడ్లు, జాతర్ అనే వాము వాసన ఆకుపొడి ఇంత పొట్లం కట్టి ఇచ్చేవాడు. నేను వాడి అక్కని, ఫిర్యాల్‌ని. మా ఆయన పోయాక పుట్టింటికి వచ్చి, నాన్ననీ వాణ్ణీ చూసుకుంటూ ఉండిపోయాను. వాడికి నలభై దగ్గర పడుతున్నా పెళ్ళి మాట ఎత్తనిచ్చేవాడు కాదు. "నీ ఒక్కదాని వంటే అరక్క చస్తున్నా, ఇంకో ఆవిడ వంట కూడానా అక్కా?" అనేవాడు. మా ఇంట్లో అందరిదీ పెద్ద నోరే. వాడిది మరీను.

వాణ్ణి గుద్దిన వజ్దీ పరాయివాడేం కాదు. మా పై వీధిలోనే ఉంటాడు. కొత్త కారు వాయిదాల మీద కొనుక్కుని, ఆఫీసుల్లో పనిచేసే ఆడపిల్లల్ని పొద్దున దింపి, సాయంత్రం తెచ్చేవాడు. రోజూ కొండ దిగుతూ మలుపు దగ్గర హారన్ కొట్టేవాడు. ఆతిఫ్ ఒక రొట్టె పట్టుకుని చెయ్యి ఎత్తేవాడు. వజ్దీ బండి ఆపి, అద్దం దించి, రొట్టె తీసుకుని, కాస్త కబుర్లు చెప్పి పోయేవాడు. అదీ వాళ్ళ స్నేహం.

ఆ కారు కొన్న ఏడాదికి కంపెనీ ఒక ప్రకటన చేసింది. ఈ రకం కార్లలో బ్రేకులకి లోపం ఉంది, కారు అమ్మిన ఏజెన్సీకి తీసుకురండి, పైసా తీసుకోకుండా మార్చి ఇస్తాం అని. వజ్దీ మర్నాడే పరిగెత్తాడు. పార్టు ఇంకా రాలేదన్నారు. రాగానే ఫోన్ చేస్తామన్నారు.

"అందాకా ఏం చెయ్యమంటారు?" అని అడిగాడట.

"నెమ్మదిగా నడుపుకోండి" అన్నారట.

మా కొండ మీద నెమ్మదిగా నడపడమంటే ఏమిటో, చల్లటి గదిలో కూర్చున్నవాళ్ళకి ఏం తెలుస్తుంది? ఇక్కడ చేతిలోంచి టమాటా జారితే కింది వీధిలో వెతుక్కోవాలి.

తర్వాత చెప్పులరిగేలా తిరిగాడు వజ్దీ. ఒకసారి పార్టు ఓడలో ఉందన్నారు. ఒకసారి అకబా రేవులో ఉందన్నారు. రంజాన్ వెళ్ళాక రమ్మన్నారు, వెళ్ళాక వస్తే పండగ సెలవలన్నారు. తిరిగొచ్చిన ప్రతిసారీ వాడు మలుపు దగ్గర ఆగి ఆతిఫ్ దగ్గర మొత్తుకునేవాడు.

"ఏరా, నీ బ్రేకులు ఓడలో వస్తున్నాయా, ఈదుకుంటూ వస్తున్నాయా?" అనేవాడు మావాడు.

"నవ్వరా, నవ్వు. రోజూ నా బండికి ఎదురుగా నిలబడేది నువ్వే" అనేవాడు వజ్దీ.

ఇద్దరూ పగలబడి నవ్వేవాళ్ళు.

బండి పక్కన పెట్టేయకూడదా అని నేనే వజ్దీని ఒకసారి అడిగాను. "బండి పక్కన పెడితే పొయ్యి కూడా పక్కన పెట్టాలి ఫిర్యాలక్కా" అన్నాడు.

ఆ రోజు వాన పడి వెలిసింది. వజ్దీ కొండ దిగుతుంటే సగంలో బ్రేకు పెడలు అడుగుకంటా దిగిపోయింది. హ్యాండ్ బ్రేకు లాగాడు. ఆగలేదు. జనాన్ని తప్పుకోమని ఆపకుండా హారన్ కొడుతూ వచ్చాడు. వీధిలో అందరూ గోడలకి అతుక్కుపోయారు. ఒక్క ఆతిఫ్ మాత్రం, ఆ హారన్ ఎవరిదో తెలిసినవాడు కాబట్టి, నవ్వుతూ రొట్టె పట్టుకుని చెయ్యి ఎత్తాడు.

అది చూసినవాళ్ళు నాకు చెప్పకుండా ఉంటే బాగుండేది. ఇప్పటికీ పొద్దున్నే బండి హారన్ వినబడితే లేచి కిటికీ మూసేస్తాను.

పోలీసులు వజ్దీని తీసుకెళ్ళారు. మా దగ్గర పోయినవాళ్ళ కుటుంబం క్షమించేదాకా డ్రైవరు లోపలే ఉండాలి. వాడి పెళ్ళాం తలకి గుడ్డ సరిగ్గా చుట్టుకోకుండానే వచ్చి మా గుమ్మంలో కూలబడింది. నాన్న దాన్ని లేపి, "నీ మొగుడు నా కొడుకు లాంటివాడమ్మా, లే" అన్నాడు. ఆ మాట అంటూ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. వజ్దీ మీద నాకు కోపం లేదు. ఉండాలని ప్రయత్నించాను, రాలేదు.

నా కోపమంతా ఏజెన్సీ మీద. నల్లబట్టలతోనే వెళ్ళి మేనేజరు ముందు కూర్చున్నాను. మంచి సూటు, నున్నటి గడ్డం, మెత్తటి మాట.

"అల్లా ఆయన్ని కరుణించుగాక. అంతా తలరాత అమ్మా" అన్నాడు.

"తలరాత సంగతి సరే, పార్టు ఏది?"

"రవాణాలో జాప్యం జరిగింది. మా చేతుల్లో ఏముంది?"

"చేతుల్లో ఏమీ లేనప్పుడు ఆ బళ్ళు నడపొద్దని చెప్పాలి. మీ దగ్గరే ఉంచేసుకుని ఇంకో బండి ఇవ్వాలి. నెమ్మదిగా నడుపుకోండని ఎలా చెప్పారు?"

అతను బల్ల మీది కాగితాలు సర్దాడు. తర్వాత, "కారు మీది కాదు కదమ్మా, మీకెలా జవాబు చెప్తాను?" అన్నాడు. తలుపుదాకా వచ్చి, ఎంతో మర్యాదగా సాగనంపాడు. ఆ మర్యాదకి నా ఒళ్ళు మండిపోయింది.

వకీలు మాత్రం ఆశ పెట్టాడు. వజ్దీ ఎన్నిసార్లు తిరిగాడో సాక్షులున్నారు, ఏజెన్సీ మీద కేసు నిలబడుతుంది అని చెప్పి వేసేశాడు. నాకు కావలసింది వాళ్ళ సొమ్ము కాదు. న్యాయమూర్తి ముందు నిలబడి వాళ్ళే ఒక్క మాట చెప్పాలి: ఈ మనిషి మావల్ల పోయాడు అని. చెప్తే మిగతా బళ్ళకైనా బ్రేకులు వస్తాయి. మా ఆతిఫ్ చావు వాన నీళ్ళలా వాలులో కొట్టుకుపోకుండా ఉంటుంది.

ఇంతలో వజ్దీ తరఫు పెద్దమనుషులు క్షమాపణ అడగడానికి వస్తామని కబురు పెట్టారు. అలా గుంపుగా వచ్చేవాళ్ళని జాహా అంటాం. ముందురోజు నాన్న పక్కన కూర్చుని కుండబద్దలు కొట్టినట్టు చెప్పాను.

"నాన్నా, క్షమించు. కానీ వజ్దీ పేరు చెప్పి క్షమించు. వాడొక్కడినే. అందరినీ అన్నావంటే ఏజెన్సీ మీద కేసు పోతుంది."

"అలాగేనమ్మా."

"నీకు మొహమాటం ఎక్కువ. నలుగురు పొగిడితే ఇల్లు కూడా రాసిచ్చేస్తావు."

"చెప్పాను కదే. వజ్దీ పేరే చెప్తాను" అని నా తల మీద చెయ్యి వేశాడు. జీవితమంతా రాళ్ళు చెక్కిన చెయ్యి. ఆ బరువు ఇంకా గుర్తుంది.

జాహా వచ్చింది. మా వీధి పట్టలేదు. జాహాలో ఎంతమంది వస్తే ఇంటివాళ్ళకి అంత గౌరవం. ఎవరు నువ్వు, ఎందుకొచ్చావు అని ఎవరినీ అడగరు. అడిగితే తప్పు. పెద్ద గదిలో వరసలు వరసలుగా కూర్చున్నారు. ముందు వరస మధ్యలో వాళ్ళ పెద్ద, షేక్ ముఫ్లిహ్. నేను లోపల వంటింట్లో కాఫీ కాస్తున్నాను. చేదు కాఫీ, ఏలకులు దంచి వేసింది. మా చిన్నాన్న కొడుకు రజాయీ పొడుగు మూతి కూజాతో పట్టుకెళ్ళి చిన్న చిన్న కప్పుల్లో పోస్తున్నాడు. అది తాగడానికి కాదు. ముందు పెట్టుకుని కూర్చుంటారు. అడిగినది ఇచ్చామని ఇంటిపెద్ద చెప్పాకే ముట్టుకుంటారు.

తలుపు సందులోంచి చూశాను. రెండో వరసలో, కిటికీ పక్కన, సూటు, నున్నటి గడ్డం.

కూజా నింపుకోవడానికి వచ్చిన రజాయీని చెయ్యి పట్టుకుని లాగాను.

"రజాయీ, కిటికీ పక్కనున్నది ఏజెన్సీ మేనేజరు. వెళ్ళి నాన్న చెవిలో చెప్పు."

"నీకేమైనా మతి పోయిందా అక్కా? వచ్చి కూర్చున్నవాణ్ణి లేవమంటామా?"

"లేవమనొద్దు. చెప్పు చాలు. చెప్పకపోతే నేనే గదిలోకి వస్తాను, తర్వాత నీ ఇష్టం."

నేను అన్నంత పనీ చేస్తానని వాడికి తెలుసు. వెళ్ళి వంగి చెప్పాడు. నాన్న తల ఎత్తి రెండో వరస వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. మేనేజరు తల వంచుకుని, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఎంత చక్కగా నేర్చుకున్నాడో!

షేక్ ముఫ్లిహ్ గొంతు సవరించుకున్నాడు. "అబూ ఆతిఫ్" అని మొదలుపెట్టాడు. ఆతిఫ్ తండ్రీ అని. మా దగ్గర పెద్దకొడుకు పేరుతోనే తండ్రిని పిలుస్తారు, కొడుకు పోయినా ఆ పేరు పోదు. "అబూ ఆతిఫ్, జరిగింది అల్లా నిర్ణయం. నీ ఇల్లు ఉదారుల ఇల్లు. మేం నీ గుమ్మంలో చెయ్యి చాచి కూర్చున్నాం."

నాన్న లేచి నిలబడ్డాడు.

"వజ్దీని క్షమించాను. వాడి దగ్గర దమ్మిడీ వద్దు. మీ కాఫీ తాగండి" అన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు అనుకుని నేను గోడకి ఆనుకున్నాను. కానీ గదిలో కప్పు కదిలిన చప్పుడు రాలేదు. షేక్ కప్పు ముట్టలేదు. ఆయన ముట్టకపోతే ఇంకెవరు ముడతారు?

"అబూ ఆతిఫ్, మేమంతా కలిసి వచ్చాం. కొందరు తాగి కొందరు ఊరుకుంటే నీ ఇంటికి బాగుంటుందా?" అన్నాడు షేక్, మెల్లగా.

ఆ పెద్దాయనకి మేనేజరు సంగతి తెలుసో తెలియదో నాకు ఇవాళ్టికీ అంతుపట్టలేదు. మర్యాదకే అన్నాడని మావాళ్ళంతా అంటారు. నేను ఎవరినీ అంత తేలిగ్గా నమ్మను.

గదినిండా జనం నాన్ననే చూస్తున్నారు. మెడ చుట్టూ నరాలు తేలిన ముసలాయన. గుమ్మం దాటి వచ్చినవాణ్ణి కాఫీ తాగనివ్వకుండా పంపిన మనిషి మా వంశంలో లేడు. ఆయన నా తలుపు వైపు ఒక్కసారి చూశాడు. అప్పుడే నాకు తెలిసిపోయింది.

"నా ఇంటికి వచ్చిన అందరినీ, అల్లా కోసం, ప్రవక్త కోసం, మీ ముఖం చూసి క్షమించాను" అన్నాడు. "ఎవరి మీదా నాకేమీ లేదు. తాగండి."

కప్పులన్నీ ఒక్కసారి లేచాయి. గది దీవెనలతో నిండిపోయింది. మేనేజరు తాగి, మళ్ళీ కప్పు చాపితే రజాయీ ఇంకోసారి పోశాడు. నేను కాచిన కాఫీయే. నచ్చినట్టుంది.

జనం వెళ్ళాక నాన్న మీద అరుద్దామనుకున్నాను. ఆయన ఆ ఖాళీ గదిలో ఒక్కడే కప్పులు ఏరుతున్నాడు. ఇంట్లో ఎన్నడూ కప్పు ఎత్తని మనిషి. అది చూసి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

కొన్నాళ్ళకి వజ్దీ విడుదలయ్యాడు. ఇంటికి కూడా పోకుండా నేరుగా మా దగ్గరికే వచ్చాడు. సగమైపోయాడు. నాన్న చెయ్యి ముద్దుపెట్టుకుని, నేల మీద కూర్చుని, ఎంతకీ తల ఎత్తలేదు.

"తిన్నావా?" అన్నాడు నాన్న.

"బాబాయ్, ఎందుకు వదిలేశారు ఆ ఏజెన్సీ వాళ్ళని?"

నాన్న నీళ్ళ గ్లాసు వాడి ముందుకి జరిపాడు.

"ఇవాళ కోర్టులో నన్ను వదులుతూ వాళ్ళ మీద కేసు కూడా కొట్టేశారు బాబాయ్. కుటుంబం అందరినీ క్షమించింది, మా మనిషి కూడా అక్కడే కూర్చుని కాఫీ తాగాడు అని వాళ్ళ వకీలు చెప్పాడు. షేక్‌ని పిలిచి అడిగారు. ఆయన అబద్ధం ఆడలేడుగా, నిజమేనన్నాడు. ఇక బ్రేకుల మాటే రాదట. తలరాతతో సరిపెట్టేశారు." వాడు గ్లాసు ముట్టలేదు. "నన్నొక్క మాట అడిగుంటే ఇంకో రెండేళ్ళు లోపలే కూర్చునేవాణ్ణి. మా వీధిలోనే అదే రకం కారు ఇంకొకళ్ళు ఇంకా నడుపుతున్నారని జైలుకొచ్చి మా ఆవిడ చెప్పింది. నిన్న కూడా వాళ్ళకి నెమ్మదిగా నడుపుకోండనే చెప్పారట."

"ఇంటికొచ్చిన మనిషిరా" అన్నాడు నాన్న. "ఇంటికొచ్చి కూర్చున్నాడు. ఏం చెయ్యను?"

వజ్దీకీ అది తెలుసు. వాడైనా అదే చేసేవాడు.

నాన్న తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత అడిగాడు.

"నువ్వు కావాలని చెయ్యలేదు కదా?"

"లేదు బాబాయ్. అల్లా సాక్షి."

"వాళ్ళేమో మాకు సంబంధం లేదంటున్నారు."

"అవును."

"అందరినీ క్షమించేశాను. ఎవరిదీ తప్పు లేదన్నారు." ఆయన ముందు వజ్దీ వైపు, తర్వాత నా వైపు చూశాడు. దెప్పడానికి కాదు, నిజంగా తెలియక, చిన్నపిల్లాడిలా అడిగాడు. "మరి నా కొడుకుని చంపిందెవరమ్మా?"

వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.