ఇరవై ఆరేళ్ళ కేక

గురువారం వచ్చిందంటే గిస్లేన్‌కి ఊపిరాడదు. పట్నం నుంచి ఊరు చూడ్డానికొచ్చిన వాళ్ళందర్నీ పదింటికల్లా చర్చి మెట్ల దగ్గర పోగేసి, గొర్రెల మందలా తోలుకెళ్ళాలి. ముందు ఎనిమిది వందల ఏళ్ళ నాటి చిన్న చర్చి, దాని గుమ్మం మీద ముక్కు విరిగిన దేవదూత. తర్వాత ఆడవాళ్ళు బట్టలుతికిన రాతి తొట్టి, ఏటి మీద గూని వంతెన. ఆఖరికి కొండెక్కి కోట. కోటంటే మరేం లేదు, ఒక బురుజూ రెండు గోడలూ మిగిలాయంతే. పేబ్రూన్ ఊరికి ఉన్న గొప్పంతా అదే.

బురుజు దగ్గరికి రాగానే ఎవరో ఒకరు అడిగి తీరతారు.

"మేడమ్, ఇక్కణ్ణించి అరిస్తే ప్రతిధ్వని వస్తుందటగా?"

"రాకేం, భేషుగ్గా వస్తుంది. కాకపోతే ఇరవై ఆరేళ్ళు పడుతుంది. నిలబడి వింటానంటే మీ ఇష్టం, నా మట్టుకు నాకు ఇంట్లో పనుంది."

వాళ్ళు నవ్వుతారు. ఆమె నవ్వదు, ఎందుకంటే అందులో హాస్యమేమీ లేదు. బురుజు మీంచి వేసిన కేకని ఎదురు కొండ అట్టే దాచుకుని, ఇరవై ఆరేళ్ళకి అదే తేదీన అదే వేళకి తిరిగిచ్చేస్తుంది. మనిషి గొంతు మాత్రమే. కుక్క అరుపూ, రాయి చప్పుడూ దానికక్కర్లేదు. ఊళ్ళో వాళ్ళకి ఇది వాన రావడం లాంటిదే. ఎప్పుడో తప్పిపోయిన మేకని ఎవడో పేరుపెట్టి పిలుస్తుంటే ఒక్కరూ తలెత్తరు. "వచ్చే నెల చెవుల్లో దూది పెట్టుకోండర్రా," అంటున్నాడు రొట్టెల కొట్టు గాస్తోన్. "తొంభై ఎనిమిదిలో ఫుట్‌బాల్ కప్పు గెలిచిన రాత్రి ఊరంతా ఆ బురుజు మీదే ఉంది." పోయినవాళ్ళ గొంతు వచ్చే రోజున మాత్రం ఇరుగూ పొరుగూ కిటికీలు మూసుకుని, ఆ ఇంటివాళ్ళని వాళ్ళ మానాన వదిలేస్తారు. అది మర్యాద.

ఆ జూన్ ఇరవయ్యో తారీకు గిస్లేన్ వంతు. ఆ రోజు కూడా గురువారమే. ఊరు చూపించడం లేదని చర్చి తలుపు మీద కాగితం అంటించి, పెట్టె సర్దుకుని, పన్నెండు నలభై బస్సుకి కాహోర్ పట్నంలో ఉన్న మేనకోడలి ఇంటికి బయల్దేరింది. చుట్టపు చూపుగా కాదు, ఉండిపోవడానికే. ఇంటి తాళాలు మేయర్ ఆఫీసులో ఇచ్చేసింది.

ఆమె మొగుడు సిల్వేర్ రాతిగోడలు కట్టేవాడు. సున్నం, సిమెంటు ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చి, ఏనుగొచ్చి ఒరుసుకున్నా కదలకుండా నిలబెట్టేవాడు. తొంభై ఎనిమిదిలో బురుజు పక్క గోడ బాగుచేస్తూ, జూన్ ఇరవైన మధ్యాహ్నం ఒంటి గంటకి, పాత గోడ జారిపోయి దాంతోపాటే పడిపోయాడు. చప్పుడుకి పరిగెత్తిన వాళ్ళకి అప్పటికే ప్రాణం లేని మనిషి దొరికాడు. పడేటప్పుడు ఏమని అరిచాడో ఎవరూ వినలేదు.

అది కూడా కాదు ఆమెని తినేసింది. పేబ్రూన్‌లో మగాళ్ళు కొండ మీద పనిలో ఉంటే, పన్నెండింటికి ఇంటావిడ వీధి చివర పిట్టగోడ దగ్గర నిలబడి "సూపూ..." అని భోజనానికి కేకెయ్యాలి. ఆ కేక వినందే ఏ మగాడూ కిందికి దిగడు. పిలవకుండా దిగినవాణ్ణి "ఏరా, కడుపు కాలిందా?" అని ఏడాది పొడుగునా ఏడిపిస్తారు. కాబట్టి ఏ ఇంట్లో మొగుడూ పెళ్ళాలకి పడటం లేదో పన్నెండు దాటేసరికి ఊరంతటికీ తెలిసిపోతుంది.

ఆ వారంలో వాళ్ళకి పడటం లేదు. ఒక పెళ్ళి విందులో నలుగురి మధ్య సిల్వేర్ నోరు జారాడు. "మా ఆవిడ సూపు ఎంత పలచనంటే, పళ్ళెం అడుగున పువ్వుల బొమ్మలు లెక్కపెట్టుకోవచ్చు," అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. గిస్లేన్‌కి ఒళ్ళు మండిపోయింది. "రేపట్నించి నువ్వే వండుకు తిను," అంది. మూడు రోజులు పిలవలేదు. మూడో రోజైతే బురుజు వైపు కిటికీలన్నీ బిడాయించి, రేడియో పెద్దగా పెట్టుకు కూర్చుంది. ఆ రోజు పన్నెండింటికి ఒక్క కేక వేసుంటే, ఒంటి గంటకి ఆయన ఇంట్లో బల్ల దగ్గర ఉండేవాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆమె బుర్రలో ఇదే తిరుగుతోంది. ఇప్పుడా ఒంటి గంట మళ్ళీ వస్తోంది. పడుతూ పడుతూ తనని తిట్టుకున్నాడో, తన పేరే పిలిచాడో. వినే ధైర్యం ఆమెకి లేదు. పన్నెండు నలభైకి బస్సెక్కితే ఒంటి గంటకి రెండు కొండలవతల ఉంటుంది. ఇదీ ఆమె లెక్క.

పన్నెండుంబావుకే వచ్చి బస్సు ఆగేచోట పెట్టె మీద కూర్చుంది. వీధి పొడుగునా కిటికీలు మూసే ఉన్నాయి. పక్కింటి అర్మాందీన్ ఒక్కతే, ఎనభై నాలుగేళ్ళ ముసలావిడ, గుమ్మంలో కుర్చీ వేసుకుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది.

"పిన్నీ, నువ్వు కూడా లోపలికి పో."

"పోతాలేవే. నడుం పట్టేసింది. నువ్వు నిజంగానే పోతున్నావా?"

"పోతున్నా."

"ఇక్కడ బతికినట్టు అక్కడ బతకలేవే అమ్మాయ్."

"ఇక్కడ బతికానని నీకెవరు చెప్పారు?"

ముసలావిడ ఇంకో చిక్కుడుకాయ ఒలిచింది. పన్నెండున్నర కొట్టింది చర్చి గడియారం. సరిగ్గా అప్పుడే ఎదురు కొండ మీంచి గొంతు వచ్చింది.

"గిస్లేన్! ఓయ్, గిస్లేన్!"

ఆమె ఠక్కున లేచి నిలబడింది. ఇంకా అరగంట ఉందే! ఇది పడిపోతున్నవాడి గొంతు కాదు. నవ్వు ఆపుకుంటున్నవాడి గొంతు.

"సూపు నేనే చేశాను! పైకి రా! నీ దానికన్నా పలచగా వచ్చింది, ఒట్టు! రావే, ఆకలేస్తోంది!"

కాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఒకసారి, ఈసారి కొంచెం తగ్గి, "గిస్లేన్, రావూ?" అని.

అంతే. లోయ ఊరుకుంది.

గిస్లేన్ రోడ్డు మధ్యలో నిలబడి రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆయన సామానుతో పాటు ఆనాడు కిందికి తెచ్చిచ్చిన నల్ల గిన్నె గుర్తొచ్చింది, దాంట్లో రెండు చెంచాలు. పనివాళ్ళ వస్తువులేవో కలిసిపోయాయనుకుంది. కోపం లేదు మనిషికి. బతిమాలాడు. తను వెళ్ళుంటే ఇద్దరూ గడ్డి మీద కూర్చుని ఆ నీళ్ళ సూపు తాగుతూ ఉండేవాళ్ళు, గోడ తన దారిన తను జారిపోయేది. తను రాకపోయేసరికి లేచి మళ్ళీ పనిలోకి వెళ్ళాడు. ఇంత సంతోషమూ ఇంత దుఃఖమూ ఒకేసారి వస్తే గుండె తట్టుకోదు. ఆమె అక్కడే, రోడ్డు మీదే చతికిలబడి పెద్దగా ఏడ్చింది.

వెనకాల గింజల గిన్నె బోర్లాపడిన చప్పుడైంది. అర్మాందీన్ గోడ పట్టుకుని నడిచొస్తోంది. మొహం పాలిపోయింది.

"ఇది నేను విన్నానే," అంది.

"అందరం విన్నాంగా పిన్నీ."

"ఇప్పుడు కాదే. ఆ రోజు. నేను పెరట్లో కోళ్ళకి మేత వేస్తున్నా. గాలికి నీ పేరు వినపడలేదు. 'సూపు చేశాను, పైకి రా' అన్నది మాత్రం విన్నాను. పాత కేకేలే అనుకున్నా. ఈ ఊళ్ళో మగాడు సూపు చేసి పెళ్ళాన్ని పిలవడం ఎక్కడైనా ఉందా చెప్పు? అప్పటికి ఇరవై ఆరేళ్ళ కింద ఏ తాగుబోతు వెధవో వేళాకోళం చేసుంటాడనుకుని నవ్వుకున్నాను. తలకాయ కూడా ఎత్తలేదు. ఎత్తుంటే బురుజు మీద ఆయన కనబడేవాడు, నీ తలుపు తట్టి చెప్పేదాన్ని." ముసలావిడ గిస్లేన్ భుజం పట్టుకుంది. "అదే మాట ఇవాళ మళ్ళీ వినేదాకా నాకు తెలీనే తెలీదు. నన్ను తిట్టవే. రెండు మాటలు తిట్టు, నాకు కాస్త తేలికవుతుంది."

గిస్లేన్ తలెత్తి ఆమె వంక చూసింది. తప్పు మోయడానికి ఇన్నాళ్ళకి ఇంకో మనిషి దొరికింది. ఆ ముసలిచేతులు చూస్తే వాటి మీదికి ఆ బరువు ఎత్తడానికి మనసొప్పలేదు.

"తిట్లన్నీ నాకే వాడేసుకున్నాను పిన్నీ. నీకు మిగల్లేదు. కూర్చో."

ఇద్దరూ పిట్టగోడ మీద పక్కపక్కనే కూర్చున్నారు. బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఎక్కుతున్నారా మేడమ్? ఆ పెట్టె మీదేనా?" అన్నాడు. గిస్లేన్ చెయ్యి అడ్డంగా ఊపింది. బస్సు వెళ్ళిపోయింది.

గడియారం ఒంటి గంట కొట్టింది. అర్మాందీన్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ కొండ వైపే చూస్తూ విన్నారు. ఒకటీ అయిదు అయింది, ఒకటింబావు అయింది. లోయలోంచి ఏ కేకా రాలేదు. ఆయన ఆఖరి కేక ఆ 'రావూ?' అన్నదే.