ఐదేళ్ల పత్రాలు

తిరువూరు బజారులో పప్పుల కొట్టు నడిపే సీతారామాంజనేయులు మాటంటే ఊరికి గురి. 1954లో ప్రభుత్వ పొదుపు పత్రాలు అమ్మిపెట్టమని తాలూకా ఆఫీసు వాళ్లు అడిగితే, ఆయన ఇల్లిల్లూ తిరిగి నలభై కుటుంబాల చేత కొనిపించాడు. వాళ్లలో అప్పడాలు చేసి బతికే బాలామణి ఒకతె. భర్త పోయాక కూడబెట్టిన పన్నెండు వందలతో, తాను అద్దెకుంటున్న రెండు గదుల పెంకుటిల్లు కొనాలన్నది ఆమె ఆశ. ఇంటివాళ్లు పద్నాలుగు వందలు చెప్పారు.

"రెండొందలకు అప్పెందుకమ్మా? ఐదేళ్లు ఆగు. సర్కారు ఎక్కడికీ పారిపోదు, వడ్డీతో అదే సరిపోతుంది," అన్నాడాయన. ఆమె ఆగింది.

సర్కారు పారిపోలేదు. 1959 వేసవిలో పోస్టాఫీసులో పద్నాలుగు వందలకు కాస్త తక్కువగా చేతికిచ్చారు. ఆ ఇల్లు మాత్రం ఇప్పుడు రెండు వేల రెండొందలు.

బాలామణి నేరుగా కొట్టుకు వచ్చింది. "నేనేం తప్పు చేశానన్నయ్యా?" అంది. గొంతులో కోపం లేదు.

"నువ్వేం చేయలేదమ్మా. రాబడికి మించి ఖర్చుపెడుతోంది ప్రభుత్వం. అప్పులు చాలక నోట్లు ముద్రిస్తోంది. సరుకు మాత్రం ఉన్నంతే ఉంది. నీ రూపాయి నీకిచ్చారు, దాని విలువ ఇవ్వలేదు."

చెబుతూనే ఆయన తల దించుకున్నాడు. ఆ ఐదేళ్లలో గోడౌనులో బస్తాలు కదలకుండానే ధర పెరిగాయి. ఆమె పోగొట్టుకున్నది తన పెట్టెలోకే వచ్చినట్టు తోచింది.

"తక్కువైంది నేనిస్తాను, ఇల్లు కొనుక్కో."

"దేనికింద ఇస్తారు? దానంగానా?" అని ఆమె లేచి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా డిప్యూటీ తహసీల్దారు మధుసూదనరావు హైస్కూలులో సభ పెట్టించాడు. కొత్త రుణానికి పత్రాలు అమ్మాలి. "సాగరు కాలువ మీ మెట్ట పొలాలకే వస్తుందండీ. శెట్టిగారు రెండు మాటలు చెబుతారు," అన్నాడు.

సీతారామాంజనేయులు లేచాడు.

"కాలువ కావాలి, కాదనను. నా వంతు వెయ్యి ఇప్పుడే ఇస్తున్నాను. కానీ మీరూ ఇవ్వండని నా నోటితో అడగలేను. క్రితంసారి అడిగాను. అప్పు చాలక నోట్లు అచ్చేసి ధరలు పెంచితే, ఆ నష్టం మోసేది అప్పిచ్చిన పేదవాళ్లే. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు."

మధుసూదనరావు మొహం ఎర్రబడింది. ఆ రోజు పత్రాలు కొన్నది నలుగురే.

మర్నాడు పొద్దున్నే బాలామణి మళ్లీ వచ్చింది. ఇల్లు విస్సన్నపేట ఎరువుల వ్యాపారి కొన్నాడట. నెలాఖరుకు ఖాళీ చేయాలి.

"ఈ డబ్బంతటికీ మినుములివ్వండి. నోట్లు దాచుకుంటే కరిగిపోతున్నాయి. బస్తాలైతే ఉంటాయి."

అందరూ ఇలాగే బస్తాలు దాచుకుంటే ధర ఎక్కడికి పోతుందో ఆయనకు తెలుసు. చెప్పాలని నోరు తెరిచాడు. ఐదేళ్ల క్రితం కూడా ఇలాగే సలహా చెప్పాడు.

"బండి పిలిపిస్తానమ్మా," అని తాళంచెవులు తీసుకుని గోడౌను వైపు నడిచాడు.