ఒంటి మీద నంబరు

నేను ఒక డీజిల్ ఇంజన్ని. మీరు కారు కొనేటప్పుడు రంగు చూస్తారు, సీట్లు నొక్కి చూస్తారు, హారన్ కొట్టి చూస్తారు. నన్ను చూడరు. నడిరోడ్డు మీద ఆగిపోయినప్పుడు మాత్రం బానెట్ ఎత్తి, ముందునుంచీ నా మీద అనుమానం ఉన్నట్టే తిడతారు.

ఇనుము కరిగించి అచ్చులో పోసి నన్ను చేశారు. చల్లారాక ఒకడు వచ్చి నా ఒంటి మీద సుత్తితో అంకెలు కొట్టాడు. మీకు పేరు పెట్టే రోజున చెవిలో మెల్లగా చెబుతారు. నాకు దెబ్బలు కొట్టి పెట్టారు. ఆ అంకెలే కారు సి బుక్కులోనూ రాసి ఉంటాయి. నా ఒంటి మీదున్నదీ పుస్తకంలో ఉన్నదీ ఒకటైతేనే ఆ కారు రోడ్డెక్కాలి. లేకపోతే అది దొంగ బండి కింద లెక్క.

నా మొదటి యజమాని చక్కెర ఫ్యాక్టరీ మేనేజరు. నాలుగేళ్ళు వెనక సీట్లోనే కూర్చున్నాడు. నేనొకణ్ణి ఉన్నానని ఆయనకి తెలుసో లేదో నాకు తెలీదు. రెండో ఆయనకి రైసుమిల్లు ఉండేది. ఆయిల్ మార్చడం దండగ అనుకునేవాడు. నేను పొగ కక్కితే, డాష్‌బోర్డు మీద దేవుడికి ఇంకో అగరొత్తి వెలిగించేవాడు.

మూడోవాడు చుక్కా రాఘవులు. భీమవరంలో టాక్సీ తిప్పుతాడు. రోజూ పొద్దున్నే బానెట్ ఎత్తి, ఆయిల్ పుల్ల తీసి, భుజం మీది తువ్వాలుతో తుడిచి, మళ్ళీ ముంచి చూసేవాడు. నాకు మనిషంటే ఏమిటో తెలిసింది అప్పుడే. కానీ నన్ను కాపాడింది రాఘవులు కాదు, అతని భార్య మాణిక్యమ్మ. బండి షెడ్డుకి వెళితే ఆమె కూడా వెళ్ళేది. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చునేది. మేస్త్రీ ఏ బోల్టు విప్పినా, "అదెందుకు బాబూ?" అనేది. విప్పిన ముక్కని చీరకొంగు మీద పెట్టించుకునేది. పని అయ్యేదాకా లేచేది కాదు. మేస్త్రీలు ఆమెని తిట్టుకునేవాళ్ళు. ఒక్క వాషరు కూడా తేడా చెయ్యలేకపోయేవాళ్ళు.

మాణిక్యమ్మ చనిపోయింది. రాఘవులు మాట తగ్గించేశాడు. ఏడాది తిరిగి ఆమె ఆబ్దికం వచ్చేసరికి నా క్లచ్ జారడం మొదలుపెట్టింది. ఆబ్దికం పెట్టడానికి వెళ్ళే మూడు రోజులూ అతను ఊళ్ళో ఉండడు. వచ్చాక సోమవారం బండికి ఫిట్‌నెస్ పరీక్ష. బ్రేకు ఇన్‌స్పెక్టరు చూసి సంతకం పెట్టకపోతే టాక్సీ ఆగిపోతుంది. టాక్సీ ఆగిపోతే రాఘవులుకి వేరే పని లేదు, ఆ వయసులో ఇచ్చేవాడూ లేడు. అందుకని బండి మేస్త్రీ బుజ్జిబాబు షెడ్డులో పెట్టి వెళ్ళాడు.

"క్లచ్ ఒక్కటే. ఇంకేదీ ముట్టుకోకు," అన్నాడు.

"అబ్బే, మీరు నిశ్చింతగా వెళ్ళి రండి బాబాయ్. నా సొంత బండిలా చూసుకుంటాను," అన్నాడు బుజ్జిబాబు.

సొంత బండిలాగే చూసుకున్నాడు. మర్నాడు పదింటికల్లా గొలుసు కప్పీ వేసి నన్ను పైకి లాగాడు. నేను అరగలేదు, ఆయిల్ కారడం లేదు, పొగ లేదు. అదే నేను చేసిన తప్పు. నా చోటులో, ఎక్కడో గుద్దుకుని నుజ్జయిన కారులోంచి తీసిన ముసలి ఇంజన్ని దించాడు. పైన నల్ల రంగు కొట్టాడు. నన్ను మినీ లారీ ఎక్కించి పక్క ఊళ్ళో రొయ్యల చెరువుకి అమ్మేశాడు.

చెరువు గట్టు మీద నన్ను కట్టెల మంచం లాంటి దాని మీద బిగించారు. నీళ్ళు చిలికే చక్రాలకి కలిపారు. ఆ చక్రాలు తిరిగితేనే నీళ్ళలో రొయ్యకి గాలి ఆడుతుంది. ఇన్నాళ్ళూ ఊళ్ళు తిరిగినవాణ్ణి, కదలకుండా కూర్చుని రొయ్యలకి విసనకర్ర పట్టాను. చెరువు చినవెంకటరాజు గారిది. ఆయన మంచివాడే. నా చరిత్ర అడగలేదు. చవగ్గా వచ్చిన వస్తువు చరిత్ర ఎవరూ అడగరు.

శనివారం మధ్యాహ్నం గట్టు మీదికి నా కారు వచ్చింది. బొంగురు గొంతుతో దగ్గుకుంటూ వచ్చింది. రాఘవులు దిగాడు. రాజుగారికి నమస్కారం కూడా పెట్టకుండా తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. తువ్వాలుతో నా పక్క తుడిచి, అంకెల మీద కాగితం పరిచి, పెన్సిలుతో రుద్దాడు. తెల్ల కాగితం మీద నా పేరు లేచింది. జేబులోంచి సి బుక్కు తీసి పక్కన పెట్టి చూశాడు.

"ఎవరయ్యా నువ్వు? నా ఇంజన్ మీద ఆ గీతలేంటి?" అన్నారు రాజుగారు.

"మీది కాదండి. నాది," అని రాఘవులు కాగితం, పుస్తకం రెండూ ఆయన చేతిలో పెట్టాడు.

అప్పుడు జరిగిందంతా చెప్పాడు. ఆబ్దికం పెట్టి వచ్చి బండి స్టార్టు చేస్తే గొంతు తేడాగా ఉందట. ఇలాగే పెన్సిలుతో రుద్ది చూస్తే నంబరు వేరేది వచ్చిందట. బుజ్జిబాబుని నిలదీస్తే, "మీ ఇంజన్ పనైపోయింది బాబాయ్, మీ మంచికే మార్చాను. పాతది పాత ఇనుము కింద తూకానికి పోయింది," అన్నాడట. "అడక్కుండా ఎలా మార్చావురా?" అంటే, "అడిగితే మీరు వద్దంటారు కదా!" అన్నాడట. పైగా బిల్లు చేతిలో పెట్టాడట. నన్ను మోసుకొచ్చిన మినీ లారీ డ్రైవరు రాఘవులు టాక్సీ స్టాండు వాడే కాబట్టి చెరువు ఆచూకీ దొరికింది.

"ఇంతకీ క్లచ్ బాగుచేశాడా?" అన్నారు రాజుగారు.

"లేదండి. ఇంకా జారుతోంది."

రాజుగారు నవ్వబోయి ఆగారు. ఆకాశం చూశారు. పొద్దుటినుంచీ మబ్బు పట్టి ఉంది. "నీది కాదనను. కానీ ఈ మబ్బులో చక్రాలు ఆపితే గంటలో రొయ్య పైకి తేలుద్ది. నా పంటంతా ఇందులో ఉంది. వారంలో రొయ్య పట్టుబడి చేస్తాం. అయ్యాక తీసుకెళ్ళు."

"సోమవారం ఫిట్‌నెస్ అండి."

"ఆపనివ్వనయ్యా."

"నేనూ వదలనండి."

ఇద్దరూ నాకు చెరోపక్కా నిలబడ్డారు. ఇద్దరిదీ న్యాయమే. మధ్యలో తిరుగుతున్నది నేను. మోసం చేసినవాడు షెడ్డులో చల్లగా టీ తాగుతుంటాడు, మోసపోయిన ఇద్దరూ ఒకరి గొంతు ఒకరు పట్టుకుంటారు. మనుషుల్లో ఇది ఎన్నిసార్లు చూశానో.

చివరికి రాఘవులే కారు బానెట్ తట్టాడు. "ఇందులో ఉన్నది రోడ్డుకి పనికిరాదండి. కూర్చోబెడితే చక్రం తిప్పుద్ది. ముందు దాన్ని మీ చక్రాలకి తగిలించి, తిరిగాకే నాది ఆపుదాం. విప్పింది ఎవడో వాడే బిగించాలి."

రాజుగారు ఫోన్ తీశారు. "బుజ్జీ, ఇంకో ఇంజన్‌తో పని పడింది. గొలుసు కప్పీ పట్టుకుని రా. మీ కుర్రాళ్ళని కూడా తీసుకురా," అన్నారు.

బేరం అనుకుని బుజ్జిబాబు ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. గట్టు మీద రాఘవుల్ని చూసి, "బాబాయ్! మీరా! ఇక్కడ కూడా రొయ్యలు వేశారా?" అన్నాడు.

"తూకానికి పోయినదాన్ని చూద్దామని వచ్చాను," అన్నాడు రాఘవులు.

"అది... కుర్రాళ్ళు పొరపాటున..."

"చొక్కా విప్పి పనిలోకి దిగు," అన్నారు రాజుగారు. "ఒక్క రొయ్య తేలినా నిన్నే చెరువులో దింపుతాను."

మూడు గంటలు పట్టింది. వెదురు బొంగులు కట్టి కప్పీ వేలాడదీశారు. బుజ్జిబాబు మోకాళ్ళ దాకా బురదలో నిలబడి ముసలి ఇంజన్ని దించాడు, చక్రాలకి కలిపాడు. అది రెండుసార్లు దగ్గి తిరగడం మొదలుపెట్టాక నన్ను ఆపి, తిరిగి కారులో బిగించసాగారు. రాఘవులు మడత కుర్చీ అడిగి తీసుకున్నాడు. నా ఎదురుగా కూర్చున్నాడు. ప్రతి బోల్టుకీ, "అదెందుకు?" అన్నాడు. ఆ మాట అతని నోట వినడం అదే మొదటిసారి. క్లచ్ కూడా అక్కడే బిగించాల్సి వచ్చింది బుజ్జిబాబుకి.

వెళ్ళేముందు రాఘవులు ఆ ముసలి ఇంజన్ నంబరు కూడా కాగితం మీదికి రుద్ది రాజుగారికి ఇచ్చాడు. "ఇదీ ఎవడిదో అయి ఉంటుంది. వస్తే ఇచ్చెయ్యండి."

"పట్టుబడి అయ్యేదాకా రాకుండా ఉంటే బావుణ్ణు," అన్నారు రాజుగారు, కాగితం జేబులో పెట్టుకుంటూ.

సోమవారం బ్రేకు ఇన్‌స్పెక్టరు బానెట్ ఎత్తాడు. నా అంకెలు ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివి, పుస్తకం చూసి, తలూపాడు. నాకు జరిగినదేమీ ఆయనకి కనిపించలేదు. మందుల పెట్టెలో దూది లేదని మాత్రం గట్టిగా కోప్పడ్డాడు. రాఘవులు వెళ్ళి దూది కొనుక్కొచ్చాడు. సంతకం పడింది.

బుజ్జిబాబు మర్నాడు స్టాండుకే వచ్చాడు. అందరి ముందూ రాఘవులు చేతులు పట్టుకున్నాడు. "తప్పయిపోయింది బాబాయ్. మీ బండికి జన్మంతా ఫ్రీగా పని చేస్తాను. ఎవరితోనూ అనకండి."

రాఘవులు చేతులు విడిపించుకున్నాడు. "ఫ్రీగానా? నువ్వు నా బండిని ముట్టుకోకుండా ఉండు. అంతే చాలు," అన్నాడు. తర్వాత స్టాండులో వచ్చిన ప్రతివాడికీ జరిగింది చెప్పాడు. క్షమించమని కొందరు సలహా ఇచ్చారు. వాళ్ళ ఇంజన్లు పోలేదు కాబట్టి.

కొందరు డ్రైవర్లు పెన్సిళ్ళు కొనుక్కుని బానెట్లు ఎత్తారు. ఇద్దరి నంబర్లు కలవలేదు. వారం రోజులు షెడ్డు ముందు గొడవ జరిగింది. పదో రోజున బుజ్జిబాబు పాత బోర్డు దించి, కొత్త పేరుతో ఇంకో బోర్డు కట్టాడు. బళ్ళు మళ్ళీ వస్తున్నాయి. నేను రోజూ ఆ దారినే వెళతాను. షెడ్డు తలుపులు బార్లా తెరిచే ఉంటాయి.

రాఘవులు మాత్రం కమ్మరి దగ్గరికి వెళ్ళి నా బానెట్‌కి రెండు కొక్కేలు వేయించాడు. లావుపాటి గొలుసు వేసి, తాళం పెట్టి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. పొద్దున్నే తాళం తీసి, ఆయిల్ చూసి, మళ్ళీ వేస్తాడు.

దొంగతనం చేసింది బుజ్జిబాబు. తాళం నాకు పడింది.