రెండో బొత్తం

ఆ కుట్టు కార్ఖానాకి ఉన్నది ఒకే ఒక్క కిటికీ. అదీ మూడేళ్లుగా మూసే ఉంది. దాని పక్కనే కాజాలమ్మాయి మిషను. చొక్కాలకి కాజాలు కుట్టడం ఆమె పని. తెల్ల చొక్కా మీద ఒక్క చెమట చుక్క పడిందా, ఉతికి ఆరేసి మళ్లీ ఇస్త్రీకి పంపాలి. నిన్న ఒక్కరోజే ఏడు చొక్కాలు! అద్దానికి అవతల చెట్టుకొమ్మలు హాయిగా ఊగుతుంటే ఇవతల ఆమె ఉడికిపోతోంది.

కిటికీ తియ్యనివ్వనిది కటింగు మాస్టారు. తీస్తే ఆయన కొలతల కాగితాలు ఎగిరిపోతాయట. ఓనరుని అడిగితే, "అది మీ లీడరు తేల్చుకోవాలి, నన్ను లాగకండి" అంటాడు. ఏటా ఓట్లేసి ఎన్నుకునే ఆ లీడరేమో ఎప్పుడూ మాస్టారే!

ఎలాగంటే, కార్ఖానాలో ముప్పై ఒక్కమంది. కటింగు బల్ల దగ్గర మాస్టారితో కలిపి పన్నెండుమంది, అందరి ఓటూ ఆయనకే. మిగతా పంతొమ్మిదిమందికీ గాలి కావాలి. కానీ పోటీకి ఇద్దరు దిగుతారు, ఇస్త్రీ బాబాయీ, అంచులు కుట్టే అత్తా. ఆయనకి పది ఓట్లు, ఆవిడకి తొమ్మిది. పిట్ట పోరు పిట్ట పోరు పిల్లి తీర్చినట్టు మాస్టారు గెలుస్తాడు.

"మీలో ఒకరు తప్పుకోవచ్చుగా!" అంది కాజాలమ్మాయి.

"నేనెందుకు తప్పుకోవాలే? ఈయనేమన్నా ఇస్త్రీపెట్టె పట్టుకుని పుట్టాడా?" అని అత్త గయ్యిమంది.

ఇద్దరూ తప్పుకోరు. సరే, తప్పుకోకుండానే తేలే దారి లేదా? బొత్తాల డబ్బాలో చెయ్యి పెట్టి ఆలోచిస్తుంటే కాజాలమ్మాయికి తట్టింది. మాస్టారు నీలం బొత్తం, బాబాయి తెలుపు, అత్త ఎరుపు. ఓటంటే ఒక దారం. చివర ముడి. ముడి పక్కన మొదట ఇష్టమైనవాళ్ల బొత్తం, తర్వాత రెండో ఇష్టం, ఆపైన మూడోది. ఎవరికీ సగం దాటకపోతే అందరికన్నా తక్కువ వచ్చినవాళ్ల బొత్తాలు తీసేస్తాం. అప్పుడు ముడి పక్కకి ఏది జారితే ఆ ఓటు వాళ్లకి!

మాస్టారు పగలబడి నవ్వాడు. "బొత్తాలు గుచ్చినా, పూసలు గుచ్చినా గెలిచేది నేనేనమ్మా. కానివ్వు!"

ఆ వారం కార్ఖానాలో వింతలే వింతలు. ఎన్నడూ కటింగు బల్ల ఛాయలకి పోని బాబాయి పోయి, "మొదటి బొత్తం మీ మాస్టారికే వేసుకోండి నాయనా, రెండోది నాకివ్వండి. కిటికీ తీస్తా గానీ, మీ కాగితాల మీద బరువుకి నా పాత ఇనప ఇస్త్రీపెట్టెలు ఆరూ ఇస్తా" అన్నాడు. మాస్టారు కూడా అత్త మనుషుల దగ్గరికొచ్చి, "రెండోది నాకెయ్యండి, మధ్యాహ్నం పూట కిటికీ ఒక రెక్క తీద్దాంలే" అని గొణిగాడు!

ఎన్నిక రోజున అందరూ ట్రయల్ రూం తెర వెనక్కి ఒక్కొక్కరే వెళ్లి దారాలు గుచ్చి డబ్బాలో వేశారు. డబ్బా తెరిస్తే పన్నెండు దారాలు బోసిగా ఉన్నాయి. అడుగున బొత్తాలు గలగలమన్నాయి. కటింగు వాళ్లు కత్తెర పట్టేవాళ్లు, సూది పట్టేవాళ్లు కాదు. ఒక్కళ్లూ ముడి వెయ్యలేదు!

"చెల్లవు! గెలిచాం!" అని అత్త ఎగిరి గంతేసింది.

కాజాలమ్మాయి కిటికీ గడియ వైపు చూసింది. చెయ్యి చాపితే అందుతుంది. పన్నెండు ఓట్లు చెత్తబుట్టలో వేస్తే చాలు.

"ముడి రాకపోతే మనిషి ఓటు పోతుందా అత్తా? అది నేను ముందే నేర్పాల్సింది. మళ్లీ పెడదాం."

"నీకేమన్నా పిచ్చా?" అంటూనే అత్త తన దారం వెనక్కి తీసుకుంది.

దారం కొస తడిచేసి, వేలికి చుట్టి, దొర్లించి లాగడం కాజాలమ్మాయి పన్నెండుమందికీ నేర్పింది. మాస్టారి ముడి నాలుగోసారికి పడింది. "ముప్పై ఏళ్లుగా బట్ట కోస్తున్నా, ముడెయ్యడం ఇవాళ వచ్చింది" అన్నాడు సిగ్గుపడుతూ.

రెండోసారి లెక్క. నీలం పన్నెండు, తెలుపు పది, ఎరుపు తొమ్మిది. సగం ఎవరికీ దాటలేదు. ఎర్ర బొత్తాలు తీసేశారు. అత్త దారాల్లో ఏడు తెలుపుకి జారాయి, రెండు నీలానికి.

"పదిహేడు! బాబాయికి పదిహేడు!"

అత్త అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది. "నా ఏడుతోనే గెలిచావు, గుర్తుంచుకో!"

బాబాయి ముందు ఇస్త్రీపెట్టెలు మోసుకెళ్లి కాగితాల మీద పెట్టాడు. అప్పుడు కాజాలమ్మాయి గడియ లాగింది. తుప్పు కిర్రుమంది, గాలి ఒక్కసారిగా లోపలికి దూకింది. కాగితాలు రెపరెపలాడాయి గానీ, ఒక్కటీ కదల్లేదు. ఆమె మెడ మీద చెమట చల్లబడింది.

మాస్టారు మెల్లగా మిషను దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"మొదటి బొత్తం బాబాయికే వేసుకో తల్లీ, కాదన్ను. వచ్చే ఏడు నీ రెండోది ఎవరికి?"